పాడునగరము - పాఱెడి కాలువ

పాడుపడిన పట్టణమను మాట వినగానే మన మనస్సులకు దోచునది యొక్కటే: కూలిన గోడలు, వానిపై మొలచిన రావిమొక్కలు, నిశ్శబ్దము. అచ్చట నొకప్పుడు జనులుండిరి, ఇప్పుడు లేరు. అంతటితో విషయము ముగిసినదని తలంతుము. ఇటీవల నట్టి తావులకు ఛాయాచిత్రములు తీయుటకై యొక్క దినపు యాత్ర చేసి వచ్చుట చదువుకొన్నవారిలో నాచారమైనది. వేకువను బయలుదేఱి, కొండలమీది సూర్యోదయమును, శిథిలములమీది సాయంకాలపుటెండను చిత్రించుకొని రాత్రికి ఇల్లు చేరుదురు. ఇందు దప్పేమియు లేదు. పేకాటలోను, ఊరివారి మంచిచెడ్డలు చెప్పుకొనుటలోను గడచు సెలవుదినముకంటె నిది యెంతయో మేలు. కాని యట్టి చిత్రములను వందలకొలది చూచిన పిమ్మట నొక సందేహము గలుగక మానదు. వానిలో శిలలున్నవి, కొండలున్నవి, మబ్బులున్నవి. మనుష్యులు మాత్రము లేరు. వారచ్చట నిజముగనే లేరా? లేక మనమే వారిని చిత్రములోనికి రానీయలేదా? ఈ ప్రశ్నను హంపీ విషయమున విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

హంపీ తుంగభద్రకు దక్షిణపు గట్టున, హోసపేటకు సుమారు 13 కిలోమీటర్ల దూరమున నున్నది. 2021 వ సంవత్సరమున బళ్లారి జిల్లానుండి విడివడిన విజయనగర జిల్లాలోని దిది. 1953 లో ఆంధ్రరాష్ట్రము వేఱుపడి బళ్లారి మైసూరులో గలియువఱకును ఈ ప్రాంతము మన సీమతోపాటు చెన్నపురి రాజధానిలోనే యుండెను. ఇచ్చటి కొండలు మన నల్లమలవలె నడవులు గప్పినవి గావు. ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న పెద్దపెద్ద గుండ్లే యిచ్చటి కొండలు. కొన్ని గుండ్లు వ్రేలితో ద్రోచిన దొరలిపడునట్లు కనబడును. కాని వేలయేండ్లుగా నట్లే యున్నవి. వానరులు సేతువునకై మోసికొని పోవుచు జాఱవిడిచిన ఱాళ్లివి యని జనులు చెప్పుకొందురు. భూగర్భశాస్త్రజ్ఞులు వేఱొక కథ చెప్పుదురు. ఈ నల్లసేనపుఱాయి భూమిలోపల గడ్డకట్టి సుమారు 250 కోట్ల సంవత్సరములైనది. పైనున్న మన్నును ఱాయియు నరిగిపోగా నిది బయల్పడెను. చల్లారునప్పు డేర్పడిన నెఱ్ఱెలలో నీరు దిగి, యెండకును వానకును మూలలు గుండ్రనై, యొక్కొక్క ముక్కయు నొక గుండైనది. ఎవ్వరును దెచ్చి పేర్చినవి కావు; ఉన్నచోటనే యరిగి మిగిలినవి. శిల్పులకు గావలసిన ఱాయి కాలిక్రిందనే దొరకెను. వారు మేకులు దిగగొట్టి ఱాతిని జీల్చుటకై తొలిచిన రంధ్రముల వరుసలు నేటికిని గుండ్లపై గనబడుచున్నవి. సగము చీల్చి విడిచిన గుండ్లును గలవు.

ఈ గుండ్లనడుమ 1336 ప్రాంతమున సంగమవంశపు సోదరులైన హరిహరుడును బుక్కరాయలును స్థాపించిన నగరము రెండువందల సంవత్సరములకు బైగా దక్షిణదేశమునకు దలమానికమై వెలసెను. 1443 లో పారసీక దూత యబ్దుర్ రజాకు దీనిని జూచెను. 1520 ప్రాంతమున వచ్చిన పోర్చుగీసువాడు దొమింగో పేస్ దీనిని రోమాపురితో బోల్చెను. నగరము నంతయు జూడవలెనని యతడొక కొండ యెక్కెనట. ఎక్కియు, కొండలు చాటగుటచే నంతయు గానలేకపోయెనట. అతనికి గనబడినంతలో ఇండ్లనడుమ దోపులు, తోటలు, వానికి నీరు దెచ్చు కాలువలు, అక్కడక్కడ చెఱువులు నుండెను. రాయల నగరమనగా మనకు నవరత్నముల యంగడులే తలపునకు వచ్చును. కొండపైనుండి చూచిన విదేశీయుని కన్నులకు మొదట దోచినవి నీరును పచ్చదనమును. ఈ యంశమును చదువరులు గుర్తుంచుకొనవలెను.

1565 జనవరి 23 వ తేదిన రాక్షసి తంగడి యుద్ధమున నళియ రామరాయలు మడిసెను. అతని తమ్ముడు తిరుమలరాయలు సదాశివరాయలను, చేతికందిన ధనమును దీసికొని పెనుగొండ దారి పట్టెను. విడిచిపోయిన నగరమును గెలిచినవారును, చుట్టుప్రక్కల దోపిడిగాండ్రును గలసి నెలల తరబడి కొల్లగొట్టిరి. ఈ యుద్ధమును రెండు మతముల పోరాటముగ జెప్పుట పరిపాటియైనది. అది పూర్తిగా నిజము కాదు. రామరాయలు తన తొలిదినములలో గోలకొండ కొలువున నుండినవాడు. అతనిపై యుద్ధమునకు వచ్చినవారిలో నొకడైన యిబ్రహీం కుతుబ్షా రాజ్యమునకు రాకమునుపు విజయనగరమున రామరాయల యండ నేడుసంవత్సరములు తలదాచుకొనినవాడు. అచ్చట నబ్బిన తెలుగుమక్కువతోనే యతడు పిదప మల్కిభరాముడని మన కవులచే గొనియాడబడి, యద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమునకు గృతిపతియయ్యెను. విజయనగరములోనే 1439 లో అహమ్మదుఖానను సేనాని మసీదు గట్టించి, దాని పుణ్యము దన ప్రభువగు దేవరాయలకు జెందవలెనని శాసనము వ్రాయించెను. ఆ కట్టడమిప్పటికిని నిలిచియున్నది. రాజ్యలోభము, సుల్తానులను నొకరిపై నొకరిని బురికొల్పిన రామరాయల యెత్తుగడలు, అవి బెడిసికొట్టుట - యుద్ధమునకు ముఖ్యకారణము లివి. మతము వానికి దొడిగిన చొక్కాయి.

నగర మొక్క రాత్రిలో జచ్చినదనుటయు సరికాదు. యుద్ధము గడచిన రెండేండ్లకు, 1567 లో, వెనీసు వర్తకుడు చెజారె ఫెదెరీచి యిచ్చటికి వచ్చి కొన్ని నెలలుండెను. ఇండ్లు నిలిచియేయున్నవనియు, నవి శూన్యములై, పులులును నడవిమృగములును వానిలో దిరుగుచున్నవని జనులు చెప్పుకొనుచుండిరనియు నతడు వ్రాసియున్నాడు. తిరుమలరాయలు నగరమును మరల నెలకొల్పుటకు బ్రయత్నించి, విఫలుడై, పెనుగొండకే మరలిపోయెను. ఇండ్లుండగా జనులేల రాలేదు? ఈ నగరము తన కాళ్లపై దాను నిలిచినది కాదు, కొలువుకూటముపై నిలిచినది. గోవనుండి గుఱ్ఱములు వచ్చుట రాజు కొనునుగాన. రత్నవర్తకు లంగడులు దెఱచుట నాయకులు కొందురుగాన. నేతగాండ్రకు, కమ్మరులకు, బోగమువారికి, వంటవారికి జీవనము కల్గుట సేనలుండునుగాన. కొలువు పెనుగొండకును, పిదప జంద్రగిరికిని, వేలూరికిని దరలగా నా జీవనములన్నియు దానితో దరలిపోయెను. అగ్ని గాల్చినది రాజప్రాసాదములను; నగరమును నిజముగా జంపినది జీతమాగిపోవుట.

అయినను వెళ్లనివారు కొందఱుండిరి. విరూపాక్షుని గుడిలో బూజలు మానినట్లు లేదు. ఏటేట రథోత్సవము జరుగుచునే యుండెను. ఆనెగొంది, కమలాపురము, కడ్డీరాంపురము మొదలగు నూళ్లు నిలిచెను. ఎందువలన? నీరు దరలిపోలేదు గనుక. తుంగభద్రకు నడ్డముగా ఱాతి ఆనకట్టలు వేసి, నీటిని మళ్లించి, విజయనగర రాజుల కాలమున ద్రవ్విన కాలువలు పెక్కులు నేటికిని బాఱుచున్నవి. వానిలో దుర్తకాలువ పాడునగరపు నడిబొడ్డుననే, విరూపాక్షాలయపు దిక్కునకును రాజప్రాసాదముల దిక్కునకును మధ్యనున్న లోయవెంట బోవును. దాని క్రింద నరటి, చెఱకు, కొబ్బరి, వరి పండుచున్నవి. రాజప్రాసాదములకు నీరు గొనిపోయిన ఱాతితూములు, మొన్న 1980 ల త్రవ్వకములలో బయల్పడిన మెట్ల పుష్కరిణి యెండిపోయి, చూచువారికి వింతలై యున్నవి. పొలమునకు నీరు దెచ్చిన కాలువ మాత్రము పనిచేయుచునే యున్నది. సింహాసనమునకు గట్టినది ప్రదర్శనవస్తువైనది. రైతునకు ద్రవ్వినది వందల యేండ్లనాటిదైనను నెవరును దానిని శిథిలమని యనుటలేదు.

ఇంతమాత్రమున గాలువలను జెఱువులను ద్రవ్వించిన రాజులను నిండుగా బొగడి యూరకుండుట చరిత్రకారుని ధర్మము కాదు. కృష్ణరాయలు త్రవ్వించిన పెద్దచెఱువును గూర్చి పేస్‌యును, పదునైదేండ్ల పిమ్మట వ్రాసిన నూనిజును జెప్పిన మాటలు చదువుడు. పదునైదిరువదివేలమంది చీమలవలె నచ్చట బనిచేయుచుండుట పేస్ కన్నులార జూచెను. కట్ట రెండుమూడుమాఱులు తెగిపోయెను. దేవత కోపించినదనియు, నరులను, గుఱ్ఱములను, దున్నలను బలి యియ్యవలెననియు బురోహితులు చెప్పిరి. ఆరువదిమంది మనుష్యుల తలలు గుడివాకిట నఱకించిరని పేస్ వ్రాసెను. చావునకు దగిన నేరము చేసి చెఱలో నున్నవారి నట్లు చేసిరని నూనిజు వ్రాసెను. తుదకు గట్ట నిలిచినది బలివలన గాదు. పెద్దబండలతో బేర్చుటవలనను, పోర్చుగీసు శిల్పియొకడు సాయపడుటవలనను. నీరు వచ్చిన తరువాత దానిక్రింది నేలలను దొమ్మిదియేండ్లు పన్నులేక రైతుల కిచ్చినట్లును నూనిజే చెప్పుచున్నాడు. ఒకే రాజు, ఒకే చెఱువు: తొమ్మిదియేండ్ల పన్ను విడుచునంత వివేకము, అఱువదితలలు తెగవేయించునంత మూఢవిశ్వాసము. ఈ రెంటిలో నొకదానిని దాచిపెట్టి రెండవదానిని మన పిల్లలకు జెప్పుట యసత్యమే యగును.

శిథిలములనడుమ నక్కడక్కడ మఱియొక విధమగు శిలలు గనబడును. స్తంభమునుండి వెలువడినట్లు పైకెత్తిన యొక చేయి, దానికి గాజులు, ప్రక్కనొక వీరుడు. అవి సతీశిలలు. భర్తతో గాల్చబడిన స్త్రీల గుర్తులవి. నూనిజు నగరమున సహగమనము జరుగు విధమును వివరముగా వ్రాసియున్నాడు. చిత్రకారులకు నాశిలలయందు మక్కువ యెక్కువ. సాయంకాలపు టేటవాలు వెలుగులో నా గాజులచేయి మిక్కిలి యందముగా బడును. ఆ యందమునకు దల యూపువారు, బంగాళమున 1829 లోను, చెన్నపురిలో 1830 లోను శాసనము వచ్చువఱకును నీ దేశమున నాచేతి కంటిన నిప్పు చల్లారలేదని కూడ దలంచినయెడల, చిత్రమున కొక యర్థమేర్పడును.

ఇక ఛాయాచిత్రముల చరిత్రమునకు వత్తము. ఈ శిథిలములను శాస్త్రీయముగా మొదట గొలిపించినవాడు కాలిన్ మెకంజీ. 1799 ప్రాంతమున దీనికి బటము వ్రాయించెను. ఏలూరివారగు కావలి వేంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి యను సోదరులు ఆయనకు గుడిచేతులై, శాసనములు చదివి, కరణములయొద్దనుండి కైఫియ్యతులు సేకరించి, చచ్చిపోవుచుండిన గ్రామచరిత్రములను నిలిపిరి. అది మాటలతో జేసిన పని. యంత్రముతో జిత్రము దీయుట మఱి యఱువదియేండ్లకుగాని రాలేదు. ఇంగ్లండున టాల్బాటు తన కాగితపు ఛాయాగ్రహణపద్ధతికి 1841 లో హక్కుపత్రము పొందెను. 1851 లో ఫ్రాన్సు దేశమున లె గ్రే యనునతడు కాగితమునకు మైనము బట్టించు పద్ధతిని వెలువరించెను. ఈ కాగితమును ముందుగనే సిద్ధపఱచి వెంట గొనిపోవచ్చును గాన, మన దేశపు టెండలలో సంచారము చేయువారికది యనుకూలమయ్యెను.

చెన్నపురి సైన్యమున నధికారియగు అలెగ్జాండరు గ్రీన్లా 1856 లో నీ పద్ధతితో హంపీని జిత్రించెను. అడుగున్నర పొడవుగల కాగితములు, వానికి దగిన పెట్టెవంటి యంత్రము, రసాయనములు - వీని నన్నిటిని యీ గుండ్లనడుమకు మోయించుకొని రావలసివచ్చెను. మోసినవారి పేర్లు మనకు లేవు. అతడు దీసిన చిత్రముల విలువ యింతింత యనరాదు. విఠలాలయపు ఱాతిరథముపై నొకప్పు డిటుకలతో గట్టిన శిఖరముండెను; ఇప్పుడు లేదు. అది యెట్లుండెనో మనకు దెలియుట గ్రీన్లా చిత్రమువలననే. 2017 లో వెలువడిన యేబదిరూపాయల నోటుపై నచ్చయిన రథము శిఖరము లేనిది. దాని ప్రక్క గ్రీన్లా చిత్రము నుంచి చూచిన, ఱాళ్లకును జీవితకాలమున్నదని బోధపడును. 1983 లో ఆస్ట్రేలియా దేశపు ఛాయాచిత్రకారుడు జాన్ గాలింగ్సు అదే తావులలో నిలిచి యవే దృశ్యములను మరల దీసెను. ఒకే చోటినుండి 127 సంవత్సరముల యెడముతో దీసిన రెండేసి చిత్రములను సరిపోల్చిన, ఏది కూలెనో, ఏది మరల నిలిపిరో, ఎచ్చట జెట్లు పెరిగెనో తేటపడును. చరిత్రమునకు ఛాయాచిత్రము చేయు సేవకు దీనికంటె మంచి నిదర్శనము వేఱొకటి లేదు.

కాని గ్రీన్లా చిత్రములలో మనుష్యులు మిక్కిలి యరుదు. హంపీ యానాడంత శూన్యముగా నుండెనా? ఉండలేదు. గుడిలో బూజ జరుగుచుండెను, యాత్రికులు వచ్చుచుండిరి, పొలములలో రైతులుండిరి. రహస్యము యంత్రములో నున్నది. ఆనాటి కాగితమునకు వెలుగు బట్టుటకు నిమిషములు గావలసివచ్చెడిది. అంతసేపు కదలక నిలిచినదే చిత్రములో బడును. కదలినది మసకయై, యింకను వేగముగ గదలినది బొత్తిగా మాయమగును. గోపురము నిలుచును, గోపురము ముందునుండి నడచిపోయిన పాలమనిషి నిలువదు. ఏటినీరు పొగమంచువలె నగును. పుట్టి నడపువాడు కనబడడు. యంత్రమున కుద్దేశమేమియు లేదు. అయినను దాని స్వభావముచేతనే, బ్రదుకు జరుగుచున్న తావు మృతనగరమై యచ్చుపడినది. అట్టి చిత్రములను సీమలో జూచినవారు, ఇది యెవరును లేని నగరమని, ఎవరికిని బట్టని చరిత్రమని భావించిరి. 1900 లో రాబర్టు స్యూయెలు విజయనగరచరిత్రమును బ్రకటించుచు దానికి 'మఱువబడిన సామ్రాజ్య'మను నర్థమిచ్చు పేరు పెట్టెను. ఆ గ్రంథమువలన మనకు గలిగిన మేలు గొప్పది. పేస్, నూనిజుల వ్రాతలు మనకందినవి దానివలననే. కాని మఱచినవారెవరు? తిరుమలకు బోయినవారు కృష్ణరాయలును, ఆయన యిద్దఱు దేవేరులును జేతులు మోడ్చి నిలిచిన లోహవిగ్రహములను జూచుచునే యుండిరి. పల్లెలలో దెనాలి రామలింగని కథలు చెప్పుకొనుచునే యుండిరి. మఱువబడినది సామ్రాజ్యము గాదు, దానిని దలంచుకొను జనులు.

గడచిన శీతకాలమున మా పాఠశాలయందలి చిత్రలేఖనోపాధ్యాయుడును నేనును నిచ్చట నొకదినము గడపితిమి. ఆయన నాకంటె బిన్న. మంచి కెమెరా గలవాడు. తెల్లవాఱకమునుపే మాతంగపర్వత మెక్కితిమి. ఈ ప్రాంతమున నన్నిటికంటె నెత్తైన కొండ యిది. తూర్పు తెల్లవాఱగా మొదట నేటిమీది మంచు కనబడెను. పిదప నచ్యుతరాయలవారి గుడి - 1534 నాటిది - మా పాదములక్రింద బొమ్మరిల్లువలె దేలెను. ఆపైని గుండ్లకొండలు బంగారువన్నె దాల్చెను. తుదకు బడమట విరూపాక్షుని గోపురము మెఱసెను. గుడికిని గుడికిని నడుమ నల్లని గుండ్లను జుట్టుకొని పచ్చనిపట్టీ యొకటి పోవుచుండెను. అది తుర్తకాలువ దారి. పేస్ యెక్కిన కొండ యిదియో కాదో గాని, అతనికి గనబడినదియు నిట్టి పచ్చదనమే యైయుండును. మా మిత్రుడు గుడిని దీసెను, గోపురమును దీసెను, కొండలను దీసెను.

కొండదిగి హంపీబజారునకు వచ్చితిమి. గోపురము మొదలు తూర్పుగా సాగిన యీ వీథికి రెండుప్రక్కల రాయలనాటి ఱాతిమండపములున్నవి. పాతికేండ్లక్రింద నీ మండపములలోను వానిముందును గాపురములుండెను. టెంకాయలు, పూలు, కాఫీ, పుస్తకము లమ్మువారు, యాత్రికులకు బస యిచ్చువారు తరములనుండి యిచ్చట నివసించిరి. 2011 జూలైలో వారి యిండ్లను యంత్రములతో గూల్చిరి. మూడువందలకు బైగా గుటుంబములు నిలువనీడ గోల్పోయెను. పిదప గొంతకాలమునకు గడ్డీరాంపురమున వారికి స్థలములు చూపిరి. అధికారుల వాదములో బలము లేకపోలేదు: ఱాతిస్తంభములకు గోడలు గట్టి, మేకులు గొట్టి, శిల్పములపై సున్నము పూసి, మండపములు చెడిపోవుచుండెను. 1986 లో యునెస్కో ప్రపంచవారసత్వపు పట్టికలో జేరిన యీ క్షేత్రము, సమీపమున దలపెట్టిన వంతెన మొదలగు కారణములచే 1999 నుండి 2006 వఱకు నపాయస్థితిలో నున్నవాని పట్టికలో నుండెను. ఆ వంతెన 2009 లో గట్టుచుండగనే కూలి కూలీలు మరణించిరి. శిలలను రక్షింపవలదని యెవరును జెప్పరు. కాని బజారనునది శిలల వరుసగాదు. అమ్మువాడును కొనువాడును గూడినచో నది బజారు. రాయలు బజారు గట్టించినది వట్టిగా నుంచుటకు గాదు. ఈ వీథి యిట్లు శూన్యమైనది మనకాలముననే. గ్రీన్లా యంత్రము తెలియక చిత్రములో జేసిన పనిని మనము తెలిసి నేలమీద జేసితిమి. మండపమునకు ముప్పులేని చోట నంగడులు నిలుపుటయో, వేఱొకచోట నిల్లు ముందిచ్చి పిదప గూల్చుటయో చేసియుండిన, శిలకు హాని రాకుండెడిది, మనుష్యునకును రాకుండెడిది.

మధ్యాహ్నమున గాలువగట్టుమీద నడచితిమి. కాలువ కావలి నరటితోట, తోటవెనుక నొక శిథిలమండపము, దానివెనుక గుండ్లకొండ. చిత్రమునకు మంచి తావు. మా మిత్రుడు కెమెరా నిలిపెను. ఇంతలో నొక ముసలామె తలపై గడ్డిమోపుతో మండపము ముందు ఱాతిమీద గూర్చుండి సేదదీర్చుకొనసాగెను.

"కొంచెము తాళుడు, అయ్యవారూ, ఆమె లేచి పోనిండు, పిదప దీసెదను," అని యాయన యనెను.

"ఆమె యుండగనే యేల తీయరాదు?" అంటిని.

"పాడుపడిన మండపమున కామె నప్పదు," అని యాయన నవ్వెను.

నేనామెయొద్దకు బోయి పలుకరించితిని. ఈ ప్రాంతపువారికి గన్నడముతో దెలుగును వచ్చును. కాలువ యెవరు త్రవ్వించిరో తెలియునా యని యడిగితిని. "ఎవరు తవ్వించారో మాకేం తెలుసయ్యా! మా మామగారి తాతనాటినుంచీ ఇదే కాలవ, ఇదే తోట. ఏటా పూడిక తీసేది మాత్రం మేమే," అని యామె బదులు చెప్పెను. మా మిత్రుడు కొంతసే పూరకుండెను. పిదప నామె యనుమతి నడిగి, ఆమె కూర్చుండినట్లే, మోపుతోను మండపముతోను చిత్రము దీసెను. ఆ దినమున మేము తీసిన నూట యిరువది చిత్రములలో జరిత్రమని చెప్పదగినది నాకదియే.

ఆమె చెప్పిన తుదిమాటలో హంపీచరిత్రమున నే శాసనమును జెప్పని విషయమున్నది. త్రవ్వించిన రాజుల కీర్తి శిలలపై నున్నది. త్రవ్విన కూలీల పేర్లెచ్చటను లేవు. కాని కాలువ నిలుచుటకు గారణము త్రవ్వించుటయు గాదు, త్రవ్వుటయు గాదు, ఏటేట బూడిక దీయుట. 1565 తరువాత రాజులేని యేడాదిలోను నెవరో దిగి బూడిక దీసిరి. దండులు వచ్చినను, దొరతనములు మాఱినను, క్షామములు వచ్చినను దీసిరి. వారు తీయని యేడు కాలువయు దుమ్ముతో నిండి, మెట్ల పుష్కరిణివలె ద్రవ్వకపువారికై యెదురుచూచుచుండెడిది. 1953 లో హోసపేటకడ బెద్ద యానకట్ట గట్టి యెగువకాలువ ద్వారా మా యనంతపురపు సీమకు దెచ్చిన నీరును ఈ తుంగభద్రదే. ఆ నీరు ద్రాగుచున్న మాకు, గుండ్లనడుమ నామె తీసిన పూడిక పరాయివారి చరిత్రము గాదు.

యునెస్కోవారి లెక్కప్రకార మీ క్షేత్రము 4,187 హెక్టారులు. అందు నిలిచియున్న కట్టడములు 1,600 కు బైన. అంత మేరలో నొకదినమున జూడగలిగినది స్వల్పము. కావున నింటిల్లిపాదిని వెంటబెట్టుకొని యిట్టి తావులకు బోవుడు, పిల్లల చేతికి గెమెరా యిండు, కొండ యెక్కింపుడు. ఇచ్చటనే కాదు, మన గండికోటకు బోయినను, కొండవీటికి బోయినను సరే. కాని ప్రతి శిథిలమునొద్దను, దీనిని గట్టించినదెవ్వరని యడుగుటతో నాపక, దీనికి నీరెచ్చటినుండి వచ్చెడిదో, దీనిని మోసినవారెచ్చట నుండెడివారో, వారి మనుమలిప్పు డెచ్చట నున్నారో కూడ నడుగుట పిల్లలకు నేర్పుడు. చిత్రమునకు మనుష్యుడడ్డము వచ్చినచో దొలగిపొమ్మనక, అతని యనుమతితో నతనితోడనే చిత్రము దీయుడు. ఇంటికి వచ్చిన పిమ్మట, ఆ చిత్రము క్రింద గుడి పేరును సంవత్సరమును మాత్రమే గాక, అతడు చేయు పనిని గూడ నొక పంక్తి వ్రాసియుంచుడు. రాబోవు కాలమున నెవరేని యదే తావున నిలిచి మరల జిత్రము దీసినప్పుడు, శిఖరము కూలిన సంగతి మాత్రమే గాక, గట్టుమీద గడ్డిమోపు దించి కూర్చుండిన మనిషి యెటుపోయెనన్న ప్రశ్నయు వారికి దోచవలెను.